ఇగ్నైటర్ తీయగానే నైట్రో ట్రక్కు ఆగిపోతోంది, ఇంజిను పోయినట్టేనా?

తొలిట్యాంకు:

అందరికీ నమస్కారం. నైట్రో, అంటే బ్యాటరీ బదులు ఇంధనంతో నడిచే రిమోట్ బండి, నాకు కొత్త. ఇంతకుముందు బ్యాటరీ రిమోట్ కారు ఒకటి రెండేళ్లు తోలాను. ఛార్జింగ్ పెట్టడం, తోలడం, మళ్లీ ఛార్జింగ్ పెట్టడం. దాని లోపల ఏముందో ఒక్కసారి కూడా విప్పి చూసిన పాపాన పోలేదు.

రెండు వారాల క్రితం ఒకాయన దగ్గర సెకండ్‌హ్యాండ్‌లో మాన్‌స్టర్ ట్రక్కు తీసుకున్నాను. 1/8 స్కేలు (అసలు బండిలో ఎనిమిదో వంతు), పాయింట్ 21 (0.21 ఘనపు అంగుళాల) ఇంజిను, తాడు లాగి స్టార్ట్ చేసే రకం. బండి పాతదే కానీ ఇంజిను కొత్తదట, ఒక్క ట్యాంకు కూడా పూర్తిగా కాలలేదట.

మొదటి రోజు 20 శాతం నైట్రోమీథేన్ కలిసిన ఇంధనం పోసి, ప్లగ్గుని వేడిచేసే ఇగ్నైటర్ తగిలించి తాడు లాగాను. లాగాను, లాగాను. ఓ ముప్పై సార్లయ్యాక డుర్రుమని ఒకసారి మూలిగి ఊరుకుంది. ఇంకో నాలుగు లాగేసరికి తాడు మధ్యలో బిగుసుకుపోయింది. పట్టుదలకి పోయి గట్టిగా గుంజితే హ్యాండిల్‌తో సహా తాడు చేతికొచ్చింది. కొత్త స్టార్టర్ తెప్పించి బిగించుకునేసరికి వారం.

నిన్న ఎలాగో స్టార్టయింది. కానీ ఇగ్నైటర్ తీసిన మరుక్షణం ఆగిపోతుంది. పెడితే నడుస్తుంది, తీస్తే ఆగుతుంది. నీడిల్ (ఇంధనం ఎంత పోవాలో సరిచేసే స్క్రూ) బిగిస్తే ఇంజిను చురుగ్గా ఉంటుందని ఎక్కడో విన్నాను, మెయిన్ నీడిల్ అర చుట్టు బిగించాను. నిజంగానే ఇగ్నైటర్ తీసినా ఆగలేదు. ఓ నిమిషం పాటు పిచ్చి పరుగు తీసింది. ఆ తర్వాత శబ్దం సన్నబడి, కీచుమని ఆగిపోయింది. హెడ్డు దగ్గరికి చెయ్యి పోనిస్తే సెగ కొట్టింది.

ఇవాళ చల్లారాక ఫ్లైవీల్ చేత్తో తిప్పి చూశాను. ఒకచోటికి వచ్చేసరికి పట్టేస్తోంది. బలం పెడితే దాటుతోంది. సీజ్ అవడమంటే ఇదేనా? ఇంజిను మార్చాలా? ఇదంతా షెడ్డులోనే చేస్తున్నాను, ఇంట్లోవాళ్లు వాసనకి తిడుతున్నారు, అది వేరే సంగతి.

నూనెచేతులు:

ఇంజిను మార్చకండి. ఆ పట్టేయడం రోగం కాదు, ఆరోగ్యం.

ఈ చిన్న ఇంజిన్లలో పిస్టన్‌కి రింగులు ఉండవు. అల్యూమినియం పిస్టన్, దాని చుట్టూ లోపల క్రోమ్ పూసిన ఇత్తడి గొట్టం, దాన్నే స్లీవు అంటారు. ఆ స్లీవు కన్నం పైకి పోయేకొద్దీ ఇరుకవుతుంది. చల్లగా ఉన్నప్పుడు పిస్టన్ పైకి చేరితే బిరడాలాగా బిగుసుకుంటుంది. వేడెక్కితే ఇత్తడి పిస్టన్ కన్నా ఎక్కువ వ్యాకోచిస్తుంది, అప్పుడు సరిగ్గా సరిపోతుంది. కొత్త ఇంజిను పైన పట్టకుండా జారిపోతోందంటే అప్పుడు బాధపడాలి. మీరు అది నడిపిన తీరు చూస్తే పట్టు ఇంకా మిగిలి ఉండటం మీ అదృష్టం.

ఒక జాగ్రత్త. తోలడం అయ్యాక ఫ్లైవీల్ తిప్పి పిస్టన్‌ని కిందికి దించి పెట్టండి. పైన ఉండగా చల్లారితే స్లీవు దాన్ని పట్టేసుకుని కూర్చుంటుంది, మర్నాడు తాడు కదలదు.

మీ తాడు ఎందుకు తెగిందో చూద్దాం. ముప్పైసార్లు లాగారంటే ముప్పై గుక్కలు ఇంధనం లోపలికి పోయింది. బైకుకి పెట్రోలు ఓవర్‌ఫ్లో అయినట్టే ఇదీ. ద్రవం నలగదు కదా, పిస్టన్ దాన్ని నొక్కలేక మధ్యలో ఆగింది. అప్పుడు గుంజితే తాడైనా తెగుతుంది, లోపల కనెక్టింగ్ రాడ్ అయినా వంగుతుంది. మీది తాడుతో పోయింది. ఇంకోసారి అలా బిగుసుకుంటే గ్లో ప్లగ్గు విప్పేయండి, బండిని తలకిందులు చేయండి, హెడ్డు మీద గుడ్డ కప్పి నాలుగైదు సార్లు లాగండి. ఇంధనం చిమ్ముతుంది, మొహం పక్కకి పెట్టుకోండి. తాడు ఎప్పుడూ చివరిదాకా లాగకూడదు, జానా జానన్నర చాలు. చిన్నగా, చురుగ్గా.

ఇగ్నైటర్ సంగతి. బైకు ప్లగ్గుకి ప్రతిసారీ కరెంటు నిప్పురవ్వ కావాలి. గ్లో ప్లగ్గుకి అక్కర్లేదు. దాని లోపల ప్లాటినం కలిసిన సన్నని తీగచుట్ట ఉంటుంది. ఇగ్నైటర్‌లోని వోల్టున్నర బ్యాటరీ దాన్ని ఎర్రగా కాలుస్తుంది. ఒకసారి ఇంజిను అందుకుందంటే ఇంధనంలోని మిథనాల్ ఆవిరి ఆ ప్లాటినం మీద జరిపే చర్యతోనూ, మండే వేడితోనూ తీగ తనంతట తనే వెలుగుతూ ఉంటుంది. ఇగ్నైటర్ తీస్తే ఆగిందంటే తీగని ఏదో చల్లారుస్తోందన్నమాట. మీ విషయంలో అది ఎక్కువైపోయిన ఇంధనం. లేదా ప్లగ్గు ముసలిదైపోయి ఉండాలి. మీరు అర చుట్టు బిగించాక ఆగకుండా నడిచింది కాబట్టి మొదటిదే అనుకుంటున్నాను. కానీ ఆ నిమిషం పరుగులో ప్లగ్గు కూడా కాలిపోయి ఉంటుంది, విప్పి చూడండి. తీగ వంకర పోయి బూడిదరంగులో ఉంటే పారేయండి. కొత్తది మెరుస్తూ ఉంటుంది, ఇగ్నైటర్ పెడితే మొదటి చుట్టు నుంచి చివరి చుట్టు దాకా నారింజరంగులో వెలగాలి.

ఇప్పుడు అసలు సంగతి. ఈ ఇంజినుకి విడిగా నూనె గది లేదు. ఇంధనంలో కలిసిన నూనే దాని నూనె. నీడిల్ బిగించి ఇంధనం తగ్గించారంటే నూనె కూడా తగ్గించారు. వేడి పెరుగుతుంది, నూనె తగ్గుతుంది, రెండూ ఒకేసారి. అందుకే లీన్‌గా, అంటే ఇంధనం తక్కువగా, నడిపితే ఇంజిను అంత తొందరగా పోతుంది. మోసం ఏమిటంటే, పోయే ముందు అది అద్భుతంగా పరిగెడుతుంది. మీరు చూసిన ఆ పిచ్చి పరుగు అదే.

నా మొదటి ఇంజిను మూడో ట్యాంకులో చంపుకున్నాను. వెనక నీలిపొగ వస్తుంటే నాకు నామోషీగా ఉండేది, ఇంధనం వృథా అవుతోందనిపించేది. పొగ పోయేదాకా బిగించాను. బండి రివ్వున పోయింది, నేను మురిసిపోయాను. సాయంత్రం పిస్టన్ బయటికి తీసి దీపం కింద పెడితే పక్కన నిలువునా గీతలు, గోరుతో రాస్తే తగిలేంత లోతుగా. అది ఇప్పటికీ నా టూల్ డబ్బాలో ఉంది. నీడిల్ మీద చెయ్యి వేసే ముందు కనబడేలా పైఅరలో పెట్టుకున్నాను. పొగ రావాలండీ. ఫుల్ థ్రాటిల్‌లో కూడా వెనక సన్నని నీలిగీత కనబడాలి.

కాబట్టి మళ్లీ మొదటి నుంచి రండి. మీ ఇంజిను కాగితంలో ఫ్యాక్టరీ సెట్టింగ్ ఉంటుంది. నీడిల్‌ని మెల్లగా మూసి, చేతికి తగలగానే ఆపండి (బిగిస్తే దాని కూర్చునే చోటు పాడవుతుంది), అక్కడి నుంచి కాగితంలో చెప్పినన్ని చుట్లు వదులు చేయండి. వదులు చేస్తే రిచ్ (ఇంధనం ఎక్కువ), బిగిస్తే లీన్. ఇంజిను కొత్తదే కాబట్టి బ్రేక్-ఇన్ (కొత్త ఇంజినుని మెల్లగా అలవాటు చేయడం) కూడా మీరే చేయాలి. ఆయన మాటని నమ్మి వదిలేయకండి. స్టార్ట్ చేసే ముందు హెడ్డుకి హెయిర్ డ్రయ్యర్‌తో వేడి పట్టిస్తే పైన పట్టు సడలుతుంది, తాడూ కనెక్టింగ్ రాడ్డూ రెండూ బతుకుతాయి. తొలి ట్యాంకులు రిచ్‌గా, సగానికి మించకుండా థ్రాటిల్ ఇస్తూ మెల్లగా తోలండి. ట్యాంకుకీ ట్యాంకుకీ మధ్య పిస్టన్ కిందికి దించి పూర్తిగా చల్లారనివ్వండి. ఒకేచోట పెట్టి ఐడ్లింగ్‌లో గంటలు నడపడం నాకు నచ్చదు. తోలుతూ చేస్తేనే ఇంజిను వేడి సరిగ్గా వస్తుంది. అయిదారు ట్యాంకులయ్యాక నీడిల్ ముట్టుకోండి. ఒక్కసారికి చుట్టులో ఎనిమిదో వంతు, అంతకంటే ఎక్కువ వద్దు. తిప్పాక ఒక రౌండు తోలి, చూసి, అప్పుడు మళ్లీ.

వేడి కొలిచే గన్ను ఒకటి కొనుక్కోండి. హెడ్డులో ప్లగ్గు దగ్గర గురి పెట్టి చూస్తే 100 నుంచి 120 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటే నేను కంగారు పడను. గన్ను వచ్చేదాకా హెడ్డు మీద ఒక నీటిబొట్టు వేయండి. మూడు నాలుగు సెకన్లు బుడగలు పోసి ఆవిరైతే సరే. వేసీ వేయగానే చుయ్యిమని ఎగిరిపోతే వెంటనే ఆపేయండి. అయినా అంకె ఒక్కటే పట్టుకుని వేలాడొద్దు. ఎండరోజుకీ చలిరోజుకీ నీడిల్ తేడా పడుతుంది. పొగ, శబ్దం, పికప్, వేడి, నాలుగూ కలిపి చూడాలి.

షెడ్డులో స్టార్ట్ చేయడం మాత్రం ఇవాళే మానేయండి. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. మీరు చెప్పే ఆ వాసన మిగతావాటిది.

ఆగనిబండి:

తమ్ముడూ, ఇంజిను సంగతి పెద్దాయన చెప్పేశారు. నేను బండి ఆపడం గురించి చెబుతాను, ఎందుకంటే నాకు తోలడం కన్నా ముందు అదే వచ్చుంటే బాగుండేది.

బ్యాటరీ కారులో బ్యాటరీ అయిపోతే కారు ఆగుతుంది. నైట్రోలో అలా కాదు. ఇంజినుకి బ్యాటరీతో పనిలేదు. స్టీరింగ్‌కీ థ్రాటిల్‌కీ ఉన్న రెండు సర్వోలకే, అంటే వాటిని తిప్పే చిన్న మోటార్లకే, బ్యాటరీ. రిసీవర్ బ్యాటరీ పడిపోయే సమయానికి నీ వేలు ఫుల్ థ్రాటిల్ మీద ఉందనుకో, సర్వో అక్కడే చచ్చిపోతుంది, ఇంజిను మాత్రం బతికే ఉంటుంది. నాది అలాగే తిన్నగా పోయి గోడకి కొట్టుకుంది. పరిగెత్తాను కానీ అందుకునేంత కాళ్లు నాకు లేవు. ముందు ఆర్మ్ రెండూ విరిగాయి, షాకు టవర్ వంగింది. గోడ కాబట్టి సరిపోయింది, మనిషి అయ్యుంటే అన్న ఆలోచన వచ్చి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మూడు నాలుగు కిలోల బండి అది.

అందుకని: థ్రాటిల్ లింకేజీకి ఒక చిన్న స్ప్రింగు ఉండాలి, సర్వో వదిలేస్తే కార్బురేటర్ దానంతట అదే మూసుకునేలా. సెకండ్‌హ్యాండ్ బండి కదా, అది ఊడిపోయి ఉండొచ్చు, చూసుకో. రిసీవర్‌లో ఫెయిల్-సేఫ్ ఉంటే సిగ్నల్ పోగానే బ్రేకు పడేలా సెట్ చేయి. ఇంజిను స్టార్ట్ చేయకుండానే, చక్రాలు గాల్లో పెట్టి, రిమోట్ ఆఫ్ చేసి చూడు. సర్వో బ్రేకు వైపు తిరిగిందా? తిరిగితేనే ఇంధనం పోయి. ఆన్ చేసేటప్పుడు ముందు రిమోట్, తర్వాత బండి. ఆపేటప్పుడు ముందు బండి, తర్వాత రిమోట్. నేను తోలే ప్రతిరోజూ బ్యాటరీ నిండా ఛార్జ్ చేసుకునే వెళతాను.

ఇంజిను ఆపడానికి సైలెన్సర్ కొస మూసేయడం సులువు. వేలు పెట్టకు, కాలుతుంది. మందపాటి గుడ్డ మడతపెట్టి నొక్కు.

ఇంకొకటి. మిథనాల్ మంట పగటివెలుగులో సరిగ్గా కనబడదు. బండి వేడిగా ఉండగా ఇంధనం ఒలికితే, మంట కనబడలేదు కదా అని దగ్గరికి పోవద్దు. ఆ ఇంధనం విషం కూడా, లోపలికి పోతే చూపు పోతుంది. చేతులకి గ్లౌజులు వేసుకో, పిల్లలకి అందని చోట పెట్టు. డబ్బా మూత గట్టిగా బిగించు, మిథనాల్ గాల్లోని తేమని లాగేసుకుంటుంది. తేమ పట్టిన ఇంధనంతో ఏ నీడిల్ తిప్పినా బండి మాట వినదు.

బ్యాటరీపక్షం:

ఎవరూ అనట్లేదు కాబట్టి నేనంటాను. స్పీడు కోసమే అయితే నైట్రో అక్కర్లేదు. మంచి బ్రష్‌లెస్ మోటారు, లైపో బ్యాటరీ వేసుకుంటే అదే సైజు ట్రక్కు దీన్ని ఆడుతూ పాడుతూ దాటేస్తుంది. నీడిల్ లేదు, పొగ లేదు, తాడు లేదు. నా దగ్గర నైట్రో నాలుగేళ్లు ఉంది. వారంలో ఒక పూట తోలితే రెండు పూటలు తుడిచేవాణ్ణి.

నూనెచేతులు:

నిజమే. స్పీడు కోసం వచ్చినవాళ్లకి నేనూ బ్యాటరీయే చెబుతాను. కానీ ఈయన మొదటి రోజే ముప్పైసార్లు తాడు లాగారు, తెగితే కొత్తది తెప్పించుకున్నారు. ఈ రోగం బ్యాటరీతో కుదరదు.

తొలిట్యాంకు:

అందరికీ థ్యాంక్స్. మూడు రోజులు పట్టింది, వరసగా చెబుతాను.

ప్లగ్గు విప్పాను. తీగ ఒక పక్కకి ఒరిగి, తెల్లబడిన బూడిదలా ఉంది. ఇగ్నైటర్ పెడితే కింది రెండు చుట్లే వెలిగాయి. బండి తిరగేసి గుడ్డ కప్పి తాడు లాగితే గుడ్డ తడిసిపోయింది. కొత్త ప్లగ్గు, రెండు నీడిల్స్ ఫ్యాక్టరీ సెట్టింగ్‌కి. ఎయిర్ ఫిల్టర్ తీసి చూస్తే స్పాంజి ఎండిపోయి బిరుసుగా ఉంది, నలిపితే మట్టి రాలింది. కడిగి ఆరబెట్టి ఫిల్టర్ నూనె పట్టించాను. థ్రాటిల్ స్ప్రింగు నిజంగానే లేదు! అది వేశాక రిమోట్ ఆఫ్ చేసి చూశాను, బ్రేకు పడుతోంది.

నిన్న ఆరుబయట హెడ్డు వేడి చేసి లాగితే నాలుగో లాగుకి స్టార్టయింది. ఇగ్నైటర్ తీశాను. శబ్దం కాస్త తగ్గింది, నా గుండె ఆగింది, బండి ఆగలేదు. రెండు ట్యాంకులు మెల్లగా తోలాను. పొగ విపరీతం. గన్నులో 96 నుంచి 104 మధ్య చూపించింది.

కొత్త అనుమానం. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు ఐడ్లింగ్ బాగుంది. సగానికి దిగాక దానంతట అదే పెరుగుతోంది, క్లచ్ పట్టుకుని బండి ముందుకి పాకుతోంది. ఐడిల్ స్క్రూ తగ్గిస్తే సరిపోతుందా?

నూనెచేతులు:

ఐడిల్ స్క్రూ ముట్టుకోకండి. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు ఆగిపోతుంది, మళ్లీ మొదటికి వస్తారు.

సైలెన్సర్ నుంచి ట్యాంకు మూతకి ఒక సన్న ట్యూబు వస్తుంది చూడండి. పొగ ఒత్తిడి ఆ దారిన ట్యాంకులోకి వచ్చి ఇంధనాన్ని కార్బురేటర్‌కి నెడుతుంది. మూత దగ్గర లీకు ఉంటే ఆ ఒత్తిడి నిలవదు. నిండుగా ఉన్నప్పుడు తెలియదు, ఖాళీ అయ్యేకొద్దీ ఇంధనం చాలక లీన్ అవుతుంది, ఐడ్లింగ్ ఎక్కుతుంది. పాత ట్యాంకుల్లో మూత కింది రబ్బరు రింగు గట్టిపడిపోవడం మామూలే.

ట్యాంకు విప్పి ఖాళీ చేసి, ఒక ట్యూబు మూసి, రెండోదానికి సిరంజి పెట్టి గాలి ఎక్కిస్తూ బకెట్ నీళ్లలో ముంచండి. నోటితో ఊదొద్దు, లోపల మిథనాల్ తడి ఉంటుంది. బుడగ ఎక్కడి నుంచి వస్తే అక్కడే లీకు. తర్వాత బాగా ఆరబెట్టి బిగించండి. అక్కడ బుడగ రాకపోతే ట్యూబుల పగుళ్లు, కార్బురేటర్ మెడ దగ్గర సీలు చూడాలి.

అదీ సరిగ్గా ఉంటే అప్పుడు లో-స్పీడ్ నీడిల్, అంటే ఐడ్లింగ్‌లో ఇంధనం సరిచేసే రెండో నీడిల్. ఇంజిను వేడిగా, ఐడ్లింగ్‌లో ఉన్నప్పుడు కార్బురేటర్ దగ్గర ఇంధనం ట్యూబు వేళ్లతో నొక్కి పట్టుకోండి. రెండు మూడు సెకన్లు నడిచి, కాస్త పైకి లేచి ఆగితే సరి. నొక్కగానే ఆగితే లీన్. అయిదారు సెకన్లు సాగి, బాగా పైకి లేచాక ఆగితే రిచ్.

తొలిట్యాంకు:

మూతే! ముంచగానే మూత అంచున ఒక్కచోట నుంచి బుడగలు, చిన్నచిన్నవి, దండ గుచ్చినట్టు. రబ్బరు రింగు తీసి వంచితే వేళ్ల మధ్యే పుటుక్కుమంది. కొత్తది వేశాను. ఇవాళ మూడో ట్యాంకు చివరి చుక్క దాకా ఐడ్లింగ్ కదల్లేదు. ట్యూబు నొక్కి చూస్తే మూడు సెకన్లు. మా ఇంట్లోవాళ్లు కూడా బయటికి వచ్చి నిలబడి చూశారు. వాసన గురించి ఎవరూ ఏమీ అనలేదు.

ఆగనిబండి:

శభాష్ తమ్ముడూ. ట్యాంకులో మిగిలిన ఇంధనం తీసేశావా? పిస్టన్ కిందికి దించావా?

తొలిట్యాంకు:

రెండూ చేశాను అన్నా.

నూనెచేతులు:

ఆఫ్టర్-రన్ నూనె? ప్లగ్గు కన్నంలో నాలుగు చుక్కలు, కార్బురేటర్‌లో నాలుగు, తాడు రెండు మూడు సార్లు లాగడం. మిగిలిన మిథనాల్ తడి రాత్రికి రాత్రి బేరింగులకి తుప్పు పట్టించడం మొదలుపెడుతుంది.

తొలిట్యాంకు:

వేయలేదండీ. బండి షెడ్డులో ఉంది. టార్చి తీసుకుని వెళుతున్నాను.